రామభజనం చూడవలసినది కాదు, పాడవలసినది

మన మారిషస్ తెలుగువారి సభలలో రామభజనాన్ని మెచ్చుకోని ఉపన్యాసం ఉండదు. పెద్దలు మనకిచ్చిన ఆస్తి అంటాము, చప్పట్లు కొడతాము, తర్వాత భోజనాలకు లేస్తాము. మెచ్చుకోవడం మంచిదే. కాని ఒక కళను మెచ్చుకోవడం వేరు, అది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడం వేరు. అది తెలియనప్పుడు, బాగుచేస్తున్నామనుకుంటూనే దాని ప్రాణం తీసే ప్రమాదం ఉన్నది. ఈ మధ్య వేదికల మీద జరుగుతున్న భజనలను చూస్తే నాకు ఆ భయం కలుగుతున్నది. అందుచేత రామభజనాన్ని ఒకసారి కళగా పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

ముందు దాని రూపం చూద్దాం. నడుమ దీపం, దాని చుట్టూ జనం. ఒకరి దగ్గర మద్దెల, కొందరి చేతులలో తాళాలు. గురువు చరణం పాడతాడు. పల్లవి వచ్చేసరికి అందరూ అందుకుంటారు. పాడుతూ, అడుగు వేస్తూ దీపం చుట్టూ తిరుగుతారు. పెద్దల కాలంలో ఇది తెల్లవార్లూ సాగేది. ఈ రూపం మన దీవిలో పుట్టినది కాదు. దక్షిణ భారతదేశపు భజన సంప్రదాయంలో దివ్యనామ సంకీర్తనం అనే భాగం ఉన్నది. అందులోనూ వెలిగించిన దీపాన్ని నడుమ ఉంచి ప్రదక్షిణం చేస్తూ పాడతారు. తెలుగు పల్లెలలోని చెక్కభజన, కోలాటం కూడా వలయంగా సాగేవే. 1834 మొదలు 1910 వరకు ఒప్పందపు కూలీలను ఈ దీవికి తెచ్చారు. వారిలో మనవారు గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవు నుంచీ, విశాఖపట్నం ప్రాంతం నుంచీ వచ్చారు. మనలను ఇక్కడ కోరంగీలు అని పిలవడానికి ఆ రేవే కారణం. చెరకు తోటలలో దిగినవారిలో చాలామందికి చదువు రాదు. నోటికి వచ్చిన పాటే వారికి పుస్తకం.

వలయానికి ఒక గుణం ఉన్నది. అందులో ముందు వరుస, వెనుక వరుస ఉండవు. ప్రతివారికీ ఎదుటివారి ముఖం కనబడుతుంది. మాటలు రానివాడు ఎదుటివాని పెదవులు చూసి అందుకోగలడు. ఎవరు పాడుతున్నారో, ఎవరు ఊరుకున్నారో అందరికీ తెలుస్తుంది గనుక ఊరుకున్నవానికి కూడా పాడాలనిపిస్తుంది.

రెండవది కీర్తన నిర్మాణం. పదిహేడవ శతాబ్దపు భద్రాచల రామదాసు కీర్తనలు తీసుకోండి. పల్లవి చిన్నది, ప్రతి చరణం తర్వాత తిరిగి వస్తుంది. త్యాగరాజస్వామి కచేరీ విద్వాంసులు పాడే పెద్ద కృతులు రచించారు. ఆయనే సామాన్యులు కలిసి పాడుకొనడానికి దివ్యనామ కీర్తనలు కూడా రచించారు. వీటిలో సాధారణంగా చరణాలన్నిటికీ ఒకే వరుస. సంగీతం తక్కువై ఇట్లా చేయలేదు, పదిమందిని కలుపుకొనడానికి చేశారు. మొదటి పల్లవి దగ్గర ఒక్క మాట కూడా రానివాడు మూడవ చరణం నాటికి పల్లవి పాడుతూ ఉంటాడు. గురువుకు పాట వచ్చి ఉండాలి, మిగిలినవారికి చెవి ఉంటే చాలు. పాట వచ్చినవాడూ, రానివాడూ ఒకే పాటలో ఇమిడే ఏర్పాటు ఇది.

మూడవది భాష. నేనూ తెలుగును అమ్మ ఒడిలో గాక బైఠకాలో, సాయంకాలపు తరగతులలో నేర్చినవాడినే. ఇప్పుడు మన ఇండ్లలో ఎక్కువగా వినబడేది క్రియోల్. అందులో హ్రస్వ దీర్ఘాల తేడాకు తెలుగులో ఉన్నంత విలువ లేదు. అందుకే మన పిల్లలకు ‘పడు’, ‘పాడు’ ఒకటిగానే వినబడతాయి. నల్లబల్ల మీద ఎన్నిసార్లు దిద్దినా సాయంకాలానికి మళ్ళీ మొదటికే వస్తుంది. భజనలో అట్లా కాదు. దీర్ఘాన్ని కుదిస్తే దెబ్బ తప్పుతుంది, అడుగు తప్పుతుంది, పక్కవాని భుజం తగులుతుంది. వ్యాకరణం చెప్పకుండానే కాళ్ళు దీర్ఘాన్ని నేర్పుతాయి. ఈ పని ఏ తరగతీ ఇంత సులభంగా చేయలేదు.

ఇప్పుడు వేదిక మీది భజనను చూద్దాం. ఎనిమిది, పదిమంది ఒకే రంగు బట్టలలో వస్తారు. ప్రతివారి ముందూ మైకు. దీపం ఒక మూల, ముఖ్య అతిథి వెలిగించడానికి. జనం కుర్చీలలో. పదిహేను నిమిషాలలో ముగింపు. న్యాయంగా చెప్పాలంటే పాట మెరుగుపడింది. శ్రుతి కుదిరింది, ఉచ్చారణ శుద్ధమైంది, ఆడపిల్లలు ధైర్యంగా చరణం అందుకుంటున్నారు. ఇవన్నీ లాభాలే. కాని నష్టం పల్లవి దగ్గర ఉన్నది. చరణం పాడేవారికీ, వంత పాడేవారికీ మైకులుంటే జనానికి మిగిలే వంతు ఏమిటి? పెద్ద శబ్దంలో మన గొంతు మనకే వినబడదు. తన గొంతు తనకు వినబడనివాడు కొంతసేపటికి పాడడం మానుకుంటాడు. పైగా సమయం తక్కువ గనుక మొదటినుంచే వేగం. కొత్తవారు చేరుకొనడానికి వీలుగా పూర్వం ఉండిన విలంబ కాలం పోయింది.

వేదిక లేకపోతే పడుచువారు రారని కొందరంటారు. మరునాడు ఉద్యోగాలుండగా తెల్లవార్లూ ఎవరు కూర్చుంటారని అడుగుతారు. ఆ మాటలో నిజమున్నది. సాధన లేకుండా అందరూ పాడితే పాట చెడుతుందనేదీ నిజమే. రోమన్ లిపిలో వ్రాసుకొన్న నోటు పుస్తకాలనుంచి మళ్ళీ మళ్ళీ ఎత్తి వ్రాసేటప్పుడు మాటలు ఎక్కడ విరగాలో తెలియక అర్థమే పోతున్నది. కాబట్టి సాధన కావాలి. అది గురువుకూ, మద్దెల వాయించేవారికీ కావాలి. వారికి సాధన ఉన్నదని మిగిలినవారిని కుర్చీలలో కూర్చోబెట్టనక్కరలేదు.

పొరుగువారి అనుభవం చూడండి. మన దీవి సేగా 2014లోను, భోజ్‌పురి స్త్రీల పెండ్లిపాటలైన గీత్ గవాయ్ 2016లోను యునెస్కో జాబితాకెక్కాయి. రెండింటిలోనూ ఒకరు అందుకుంటే మిగిలినవారు బదులు పలకడమే ప్రాణం. సేగా హోటళ్ళకు వెళ్ళినప్పుడు వలయం విడిపోయి అతిథి వైపు తిరిగింది. బట్టల రంగులు పెరిగాయి, బదులు పలికే గొంతులు తగ్గాయి. భోజ్‌పురి వారు గీత్ గవాయ్ నేర్పే బడులు పెట్టి, స్త్రీలను మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టి పాడిస్తున్నారు. మనం ఏ దారిన పోవాలో వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. వచ్చే ఉగాదికి దీపాన్ని హాలు నడుమకు తెచ్చి, కుర్చీలను గోడవైపు జరపండి. మైకు గురువు ఒక్కరికే ఇచ్చి, పల్లవి దగ్గర దానిని ఆపండి. మొదటి పాట మెల్లగా పాడండి. నలుమూలలనుంచీ పల్లవి వినబడేదాకా రెండవ చరణానికి పోవద్దు. పాటను తెలుగులోను, రోమన్ లిపిలోను పక్కపక్కన అచ్చువేసి, రెండు వాక్యాలలో అర్థం చేర్చి పంచండి. ఒక జత తాళాలు తప్పకుండా ఏ పిల్లవాని చేతికో ఇవ్వండి.

భజన ముగిసిన తర్వాత ఎవరు బాగా పాడారని అడగడం మనకు అలవాటు. ఈసారి ఎంతమంది పల్లవి అందుకున్నారో లెక్కపెట్టి చూడండి. ఏ ఊరి సంఘం ఏమి చేసిందో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో ఈ పత్రికకు వ్రాసి పంపితే మిగిలిన ఊళ్ళవారికి ఉపయోగపడుతుంది.