గుడ్డకు అంటని రంగు

ఈ వారం తెనాలిలో ఒక కుర్రాడు ఇంటికొచ్చిన బేరాన్ని వద్దనడం చూశాను. అప్పట్నుంచీ మనసు తృప్తిగా ఉంది. ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: పని వచ్చినవాడంటే ఎక్కడ ఆపాలో తెలిసినవాడని నా నమ్మకం. టైలర్ల గురించి రాసినా, పళ్ల డాక్టర్ల గురించి రాసినా తిరిగి తిరిగి అక్కడికే వచ్చాను. ఈసారి కార్లకు పాలిష్ పెట్టే షెడ్డులోంచి అదే మాట చెప్పబోతున్నాను.

షెడ్డులో ఉన్నది నల్ల రంగు ఆక్టావియా ఆర్ఎస్ 245. 2020లో స్కోడా కంపెనీ మన దేశం మొత్తానికి 200 కార్లు మాత్రమే కేటాయించిన మోడల్ అది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, 245 హార్స్‌పవర్. నిలబడ్డ చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోడానికి 6.6 సెకన్లు చాలు. రేపల్లె వైపు రొయ్యల చెరువులున్న ఆసామి హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. పండక్కి కారు అద్దంలా ఉండాలని ఆయన కోరిక. ఎంతయినా ఇస్తానన్నాడు.

కుర్రాడు తొందరపడలేదు. జేబులోంచి పెయింటు మందం కొలిచే చిన్న మీటరు తీసి కారు చుట్టూ తిరిగాడు. టాపు మీద 120 మైక్రాన్లు చూపించింది. తలుపుల మీద కాస్త అటూ ఇటూ. బానెట్ మధ్యలో వందకి తగ్గింది. బానెట్ అంచు మీద పెట్టేసరికి 80 లోపు. అక్కడే మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు.

"అన్నా, ఇంతకుముందు ఎవరో దీన్ని బాగా అరగదీశారు. అంచుల్లో ఇంకోసారి కటింగ్ కొడితే క్లియర్ కోటు లేచిపోద్ది. పైపైన ఒక పాలిష్ పెడతాను. చిన్న గీతలు పోతాయి. లోతువి ఉండనీయండి."

"డబ్బుల సంగతి నేను చూసుకుంటాలే తమ్ముడూ, కొట్టెయ్."

"డబ్బులు ఉంటాయన్నా. పెయింటే లేదు."

ఆ మాటకి ఆసామి ఒక్క క్షణం ఆగి, సరే నీ ఇష్టం అన్నాడు. ఇద్దరి మీదా గౌరవం కలిగింది నాకు.

అసలక్కడ ఏం జరుగుతోందో తెలియాలంటే కారు ఒంటి మీద ఏముందో చూడాలి. అన్నిటికంటే కింద రేకు. దాని మీద తుప్పు పట్టకుండా ఈడీ కోటు, ఆ పైన ప్రైమరు, ఆ పైన మనం రంగు అనుకునే బేస్ కోటు. అన్నిటి మీదా రంగులేని క్లియర్ కోటు. కంపెనీ నుంచి వచ్చిన కారుకి ఇవన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా నలభై, యాభై. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే ఎండనీ వాననీ పక్షి రెట్టనీ కాసుకునే పొర వెంట్రుక కంటే పల్చన. కుర్రాడి చేతిలోని మీటరు మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోటు ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. చుట్టుపక్కల అంకెలతో పోల్చి, అంచుల్ని అనుమానించి, ఊహించుకోవాల్సింది పనివాడే.

పెయింట్ కరెక్షన్ అనగానే గీతలు పూడుస్తారని చాలామంది అనుకుంటారు. గీత అడుగు ఎంత లోతుందో చుట్టూ ఉన్న క్లియర్ కోటుని అంత లోతుకి అరగదీసి సమం చెయ్యడమే కరెక్షన్. ఉన్ని ప్యాడూ కటింగ్ కాంపౌండూ వేసి గట్టిగా ఒక దఫా కొడితే రెండు మూడు మైక్రాన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతుంది. మెత్తని ఫోమ్ ప్యాడుతో చివరి పాలిష్ అయితే ఒకటో, అంతకన్నా తక్కువో. గోరు తగిలి ఆగే గీత అయితే దాని జోలికి పోకూడదు. అది క్లియర్ కోటు దాటి దిగిపోయి ఉండొచ్చు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే మందు ఉండేది ఆ పొరలోనే. దాన్ని పల్చన చేస్తే ఈ వేళ మెరిసిన బానెట్ రెండు మూడు వేసవులు తిరిగేసరికి తెల్లగా పొలుసులు లేస్తుంది. కంసాలి నగకి మెరుగు పెడితే తరుగెంతో తూకంలో తేలుతుంది. కారు తరుగుని తూచే తక్కెడ యజమాని దగ్గర ఉండదు.

ఇక్కడ నాకు బాపట్ల డ్యూకో పెయింటరు గుర్తొస్తున్నాడు. ఆయన గురించి ఎప్పటి నుంచో రాయాలని ఉంది.

మా చిన్నప్పుడు బాపట్లలో అంబాసిడర్లకీ జీపులకీ రంగులు వేసే షెడ్డు అది. ముందు తలుపు సొట్టని టింకరింగ్ వాళ్లు లేపాక ఆయన లప్పం పెట్టేవాడు. ఆరాక నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపరు వేసి రుద్దడం. ముతకదానితో మొదలెట్టి నున్నటి దాకా, పూటలకు పూటలు. చేతికి పల్చటి పాత పంచెముక్క చుట్టుకుని, తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరేవాడు. ఒట్టి అరచేతికి తెలియని ఎత్తుపల్లం గుడ్డ మీంచి తెలుస్తుందనేవాడు. అదెలాగని మేం నవ్వితే మా చేతులకీ గుడ్డ చుట్టి నిమిరించాడు. నిజంగానే తెలిసింది. ఇప్పటికీ కొత్త బల్లయినా, ఇస్త్రీ చేసిన తలుపుపరదా అయినా నేను అలాగే నిమురుతాను.

ఆయన గొప్పతనమంతా ఆకాశం చూడటంలో ఉండేది. అప్పటి రంగు నైట్రోసెల్యులోజ్ లాకర్. గాలిలో తేమ ఎక్కువైన రోజు కొడితే ఆరేటప్పుడు నీటిని లాక్కుని పాలపొంగులా తెల్లబడుతుంది. బాపట్లలో సూర్యలంక సముద్రం మీంచి గాలి తిరిగిందంటే ఆ తేమ చర్మానికే తెలుస్తుంది. అలాంటి రోజు ఎవరొచ్చి ఎంత తొందరపెట్టినా ఆయన గన్ను ముట్టుకునేవాడు కాదు. పెళ్లికి కారు కావాలని ఒకాయన వచ్చి కేకలేస్తుంటే, పెయింటరు గుమ్మంలో కూచుని వాటర్ పేపర్లు కడిగి ఆరేసుకుంటున్నాడు. గాలి మారాకే పని మొదలైంది.

డ్యూకో అనేది డూపాంట్ కంపెనీ పెట్టిన పేరు. 1923లో జనరల్ మోటార్స్ వాళ్లు ఆ లాకర్‌ని ఓక్లాండ్ కార్లకు నీలంగా వేసి చూపించారు. అంతకుముందు గుర్రబ్బళ్లకు వేసినట్టే కార్లకీ బ్రష్షుతో వార్నిష్ పూతలు వేసి, ఒక్కో కారుని వారాల తరబడి ఆరబెట్టేవాళ్లు. డ్యూకోతో ఆ వారాలు గంటల్లోకి దిగాయి. ఆ పేరు బాపట్ల షెడ్డు బోర్డు దాకా వచ్చి, రంగు మారినా బోర్డు మీద అలాగే ఉండిపోయింది.

ఇప్పటి మాటకి అసలు అవసరమైన సంగతి మరొకటుంది. డ్యూకో కొత్తగా కొట్టగానే మెరవదు. ఆరాక కాంపౌండు రాసి గుడ్డతో రుద్దితేనే మెరుపు. ఏడాదికోసారి మళ్లీ రుద్దించుకోవడం కార్లున్నవాళ్లకు అలవాటు. ఆయన రుద్దుతుంటే చేతిలో గుడ్డకి కారు రంగు అంటేది. నల్ల కారుకి నల్లగా, లేత నీలం కారుకి నీలంగా. పై నుంచి కింద దాకా ఒకటే రంగు, పూతలు మందంగా ఉండేవి, కాబట్టి అరిగినా అడుగున ఉన్నదీ అదే. అయినా గుడ్డ మరీ రంగెక్కితే ఆయన చెయ్యి ఆపేసేవాడు. ఎంత పోతోందో కంటికి కనిపిస్తోంది మరి.

1980ల నుంచి ప్రపంచమంతా క్లియర్ కోటు కార్లు వచ్చాయి. రుద్దినా గుడ్డకి రంగు అంటదు. రంగులేని పొర అరుగుతుంటే రంగెక్కడ కనిపిస్తుంది? ఎర్ర కారుని మిషన్ పెట్టి గంట సేపు కొట్టినా ప్యాడు మీద కాంపౌండు తెలుపే. ఏమీ పోలేదనుకుంటాడు యజమాని. డ్యూకో కాలం నాటి ఏడాదికోసారి అలవాటు మాత్రం మానలేదు. సంక్రాంతికి ఒకసారి, పెళ్లిళ్ల సీజన్లో ఒకసారి, అమ్మే ముందు ఇంకోసారి మిషన్ కింద పెడతారు. ఆ ఆక్టావియా బానెట్ అంచు అలాగే కరిగిపోయి ఉంటుంది.

మన ప్రాంతం కార్లకు అంత సుఖమైన చోటు కూడా కాదు. బాపట్ల వైపు ఉప్పుగాలి, సూర్యలంక ఇసుక. వరికోతల కాలంలో తెనాలి నుంచి రేపల్లె దాకా రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గాలికి లేచే ఊకపొట్టు. డెల్టా చివర ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, ఆ చుక్క ఎండకి ఆరితే తెల్లటి మరక పడి క్లియర్ కోటుని తినేస్తుంది. రైలు పట్టాల పక్కన కారు పెట్టేవాళ్లకు ఇనుపరజను. దాని మీద ఐరన్ రిమూవర్ కొడితే ఊదారంగులో కారుతుంది, ఆ రంగు చూశాక ఎవరైనా నమ్ముతారు. వేగం కోసం కొన్న కారుకైతే ఈ బాధ మరీ ఎక్కువ. 216 హైవే మీద లారీల వెనక వెళ్లేటప్పుడు ఎగిరే కంకర ముందు బంపర్‌కి వేగం కొద్దీ గట్టిగా తగులుతుంది. వెడల్పాటి టైర్లు పట్టుకొచ్చిన ఇసుకంతా తలుపుల కింద అంచులకి విసురుతాయి. రేసు కార్లకి పెయింటు ఒక బరువు. 2023లో ఫార్ములా వన్ టీములు చాలా చోట్ల పెయింటు మానేసి కార్బన్ ఫైబర్‌ని నల్లగానే వదిలేశాయి. సముద్రం పక్కన ఏళ్ల తరబడి నడవాల్సిన రేకు కారుకి ఆ సౌకర్యం లేదు.

ఇదంతా చదివి పెయింట్ కరెక్షన్ చేయించుకోండనో, పైన సెరామిక్ కోటింగ్ కొట్టించుకోండనో నేను చెబుతాననుకుంటారు. కోటింగు మంచిదే, నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది. కానీ అది ఒకటి రెండు మైక్రాన్ల పొర. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అనే అంకె పెన్సిలు గీతతో చేసే పరీక్షది. దాన్ని చూసి గీతలు పడవని నమ్మితే మోసపోతాం. రాళ్ల దెబ్బలకు నిలబడేది పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్ము (పీపీఎఫ్). దాని మందం 150 నుంచి 200 మైక్రాన్లు, ధర కూడా అలాగే ఉంటుంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ కుర్రాడు చివర్లో అన్న మాట. "నా దగ్గరికొచ్చే కార్లలో సగానికి పైగా రోడ్డు మీద పాడైనవి కావు సార్. కడగడంలో పాడైనవి."

టార్చిలైటు బానెట్ మీద వేసి చూపించాడు. వెలుగు చుట్టూ సాలెగూడు లాగా గుండ్రంగా గీతలు. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, వెలుతురుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి గుండ్రంగా కనిపిస్తాయి. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులిపిన ప్రతిసారీ, టైరు తుడిచిన గుడ్డ బానెట్ మీదికొచ్చిన ప్రతిసారీ, కింద పడిన స్పాంజి కడగకుండా మళ్లీ వాడిన ప్రతిసారీ ఒక కొత్త వరస చేరుతుంది. షోరూములో కొత్త కారు అప్పగించే రోజే ఆ గీతలు చూసినవాణ్ణి నేను. పూలదండ వేసి తాళాలిచ్చే హడావుడిలో ఒకే గుడ్డతో నాలుగు కార్లు తుడుస్తున్నారు.

కాబట్టి ఇన్నాళ్లూ అద్దంలా మెరిపించేవాణ్ణి మెచ్చుకున్న నేను ఈ వారం నుంచి కడిగేవాణ్ణి పైన కూర్చోబెడుతున్నాను. పాలిష్ పెట్టేవాడు ఎంత నిపుణుడైనా ఉన్నదాంట్లోంచి తీస్తాడు, ఇచ్చేదేమీ ఉండదు. ఉన్నదాన్ని నిలబెట్టేది వాటర్ వాష్ దగ్గర రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో సబ్బునీళ్లూ ఒకదాంట్లో గుడ్డ జాడించే నీళ్లూ ఉంచుకుని, ముందు ప్రెషర్ నీళ్లతో మట్టి దించి, ఆ తరవాతే చెయ్యి వేసే కుర్రాడు. నీడలో కడిగి, ఆరకముందే తుడిచేవాడు. అలాంటివాళ్లు తెనాలిలోనూ బాపట్లలోనూ ఉన్నారు. మనం వాళ్లకు ఇచ్చేది పదినిమిషాలు, తొందరపెట్టే హారను.

కారున్న పాఠకులకు నా విన్నపం. పాలిష్‌కి మీటరు లేనివాడి దగ్గర కారు పెట్టకండి. పొడిగుడ్డ దులుపు ఈ రోజే మానెయ్యండి. వాష్‌కి వెళ్లేటప్పుడు రెండు మైక్రోఫైబర్ గుడ్డలు మీరే పట్టుకెళ్లి ఒకటి ఒంటికీ ఒకటి చక్రాలకీ అని చెప్పి ఇవ్వండి. ఆ కుర్రాడు అరగంట ఎక్కువ తీసుకుంటానంటే తీసుకోనివ్వండి. కోటింగుకి వేలకు వేలు పోసే మనం వాడి దగ్గర యాభై రూపాయలకు బేరమాడొద్దు.