ప్రోగ్రామర్ దృక్కోణం: ఒక కంప్యూటర్ పాఠ్యక్రమంపై విమర్శ

విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ వ్యవస్థల బోధన చాలాకాలం యంత్రనిర్మాతల పాఠంగానే సాగింది. ప్రాసెసర్‌ను ఎలా రూపొందించాలి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎలా నిర్మించాలి అన్నవే అందులోని ప్రధాన ప్రశ్నలు. ఆ రెండు పనుల్లో ఏదీ చేయబోని విద్యార్థులే తరగతిలో అధికం. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాండల్ బ్రయంట్, డేవిడ్ ఓహాలరన్ 1998లో ప్రారంభించిన 15-213 అనే ప్రవేశ పాఠ్యక్రమం యంత్రాన్ని ప్రోగ్రామ్ రాసేవారి వైపు నుంచి చూపింది. ఆ పాఠాల నుంచి పుట్టిన గ్రంథం పేరు 'కంప్యూటర్ సిస్టమ్స్: ఎ ప్రోగ్రామర్స్ పర్‌స్పెక్టివ్'. ఆ పేరులో చెప్పిన దృక్కోణం ఎవరిది అన్నదే ఇక్కడ విచారణీయాంశం.

దృక్కోణంతో పాటు ప్రాధాన్యాలూ మారాయి. గణితంలో ఏ పూర్ణాంకపు వర్గమూ రుణసంఖ్య కాదు. సి భాషలో 32 బిట్ల పూర్ణాంకం గరిష్ఠ విలువ 2,147,483,647. 46,341ని అదే సంఖ్యతో గుణిస్తే 2,147,488,281 రావాలి. హద్దు దాటింది గనుక సాధారణంగా −2,147,479,015 కనబడుతుంది. నిర్మాతకు ఇది గుణకార వలయపు స్వభావం. ప్రోగ్రామర్‌కు తన లెక్క తప్పిన చోటు. ఒక పెద్ద మాత్రికను అడ్డు వరుసల వెంబడి కూడినా, నిలువు వరుసల వెంబడి కూడినా కూడికల సంఖ్య ఒక్కటే. అయినా సి భాషలో రెండవ పద్ధతి ఎంతో నెమ్మదిస్తుంది, కాష్ జ్ఞాపకం పక్కపక్కన ఉన్న విలువలను కలిపి తెస్తుంది కనుక. ఈ తేడాను కాగితంపై వేసే లెక్క పట్టుకోలేదు.

ఈ పాఠ్యక్రమానికి ప్రాణం ప్రయోగశాల. అందులో ప్రసిద్ధమైనది 'బాంబ్ ల్యాబ్'. విద్యార్థికి మూల ప్రోగ్రామ్ ఇవ్వరు, యంత్రభాషలోని ఫైలు మాత్రమే ఇస్తారు. అది ఒక్కో దశలో ఒక పదబంధాన్ని అడుగుతుంది. తప్పు చెబితే 'పేలుతుంది', మార్కులు తగ్గుతాయి. డీబగ్గర్ సాయంతో ఒక్కో ఆదేశాన్నీ చదివి, రాసినవారి ఉద్దేశాన్ని ఊహించి, ఆ ఊహను పరీక్షించి ముందుకు సాగాలి. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఈ పద్ధతి అపరిచితం కాదు: ఉండాలనుకున్నది కాక, ఉన్నది చదవడం.

లోపాలూ ఉన్నాయి. మూడవ ముద్రణ మొత్తం ఎక్స్86-64 యంత్రభాషపైనే నిలబడింది. విద్యార్థి చేతిలోని ఫోన్ సాధారణంగా ఆర్మ్ ప్రాసెసర్‌ది. ఇది సర్దుకోదగిన లోపమే. అంతకన్నా లోతైనది పాఠ్యం విషయంలో ఉంది. సమాచారమంటే బిట్లు, వాటికి అర్థమిచ్చే సందర్భం అన్న మౌలిక సూత్రంతో గ్రంథం మొదలవుతుంది. ఉదాహరణగా తీసుకున్న 'హలో' ప్రోగ్రామ్ మాత్రం ఆస్కీ లిపిలోనిది. ఆంగ్లంలో ఆ పలకరింపుకు ఐదు అక్షరాలు, ఐదు సంకేతాలు, ఐదు బైట్లు. మూడూ ఏకమైన చోట సందర్భానికి పని లేదు. యూనికోడ్ ప్రసక్తి రెండవ అధ్యాయంలో ఒక పక్కపెట్టెకే పరిమితమైంది.

'తెలుగు' అన్న పదాన్నే తీసుకుందాం. పాఠకుడికి మూడు అక్షరాలు. గుణింతపు గుర్తులు విడిగా లెక్కకు వస్తాయి గనుక యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. సి భాషలో పొడవు అడిగితే 18 అని జవాబు వస్తుంది. పది బైట్ల గడిలో ఈ పదాన్ని ఇరికిస్తే 'తెల' మిగిలి, ఆపై అర్థం లేని ఒక బైటు వేలాడుతుంది. ఇదంతా వ్యవస్థలకు బాహ్యమైన భాషావిషయమని తోసిపుచ్చవచ్చు. కానీ రుణసంఖ్యగా మారిన వర్గం వ్యవస్థల పాఠమైతే, తెగిపడిన అక్షరం ఎందుకు కాదు? గ్రంథం ప్రతిపాదించిన సూత్రానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ ఆస్కీలో దొరకదు. తెలుగు పాఠ్యనిధులు, నిఘంటువులు, అన్వేషణ సాధనాలు నిర్మించే పరిశోధకులు నిత్యం తడబడే చోటు కూడా ఇదే.

మన కళాశాలల్లో కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్ సాధారణంగా వేర్వేరు పేపర్లు. ఒకే ప్రోగ్రామ్ ఈ రెండింటి గుండా సాగే దారిని విద్యార్థి చూసే అవకాశం తక్కువ. ఇలాంటి గ్రంథం సంప్రదింపు పుస్తకాల జాబితాలో చేరినా, ప్రయోగశాలను వదిలి అధ్యాయాలను మాత్రమే పరీక్షకు చదివిస్తే దృక్కోణం మళ్లీ పాతదే అవుతుంది. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. పన్నెండు బైట్లు ఇచ్చి, వాటిని నాలుగు సంకేతాలుగా, ఆ నాలుగింటినీ 'శ్రీ' అనే ఒక్క అక్షరంగా గుర్తించే ప్రోగ్రామ్ రాయమనవచ్చు. దాన్ని మొదటి సంవత్సరం విద్యార్థి సైతం సాధారణ కంప్యూటర్‌పై చేయగలడు.