సూర్యాస్తమయం, తాళంపెట్టె: 'లైఫ్ ఆన్ ది మిసిసిపీ' పునఃపఠనం

మార్క్ ట్వేన్ 'లైఫ్ ఆన్ ది మిసిసిపీ' (1883) తొమ్మిదవ అధ్యాయంలోని సూర్యాస్తమయ ఘట్టం సుప్రసిద్ధం. నదిని చదవడం నేర్చిన పైలట్‌కు దాని సౌందర్యం దూరమైందని ట్వేన్ అక్కడ వాపోతాడు. జ్ఞానం రసానుభూతిని హరిస్తుందనడానికి ఈ ఘట్టాన్ని ఉదాహరించడం పరిపాటి. తరగతిలో నేనూ అలాగే బోధించాను. గ్రంథాన్ని ఆమూలాగ్రం పరిశీలిస్తే ఆ నిర్ణయం నిలవదు.

పదిహేనవ అధ్యాయంలో పైలట్ల సంఘం ముఖ్యమైన రేవులలో తాళంపెట్టెలు ఉంచుతుంది. ప్రయాణం ముగించిన ప్రతి పైలట్ ఎక్కడ ఎంత లోతుందో, ఏ గుర్తును పట్టుకొని దాటాలో అచ్చుపత్రంలో పూరించి అందులో వేస్తాడు. తరువాత వచ్చినవాడు దానిని చదివి, తాను చూసిన మార్పులను చేరుస్తాడు. ఇక్కడ నది ఒక వ్యక్తి అనుభూతి కాదు. పలువురు కలిసి నిత్యం సవరించే పాఠం. సౌందర్యం పోయిందని విలపించిన రచయితే ఈ కాగితాలను ఎంత ఉత్సాహంతో వర్ణించాడో గమనించవలసి ఉంది.

ఈ పద్ధతికి ఆధునిక రూపం అదే నదిపై ఉంది. 1986 నాటి సమాఖ్య చట్టంతో ఎగువ మిసిసిపీ నదీవ్యవస్థలో దీర్ఘకాలిక పర్యవేక్షణకు అంకురార్పణ జరిగింది. ఆరు నదీభాగాలలో చేపలను, నీటిమొక్కలను, నీటి నాణ్యతను ఏళ్ల తరబడి ఒకే ప్రామాణిక పద్ధతిలో నమోదు చేస్తున్నారు. వాటిలో ఒకటి సెయింట్ లూయిస్‌కు దిగువన, ట్వేన్ ఓడ నడిపిన మార్గంలోనే ఉంది. ఇలినాయ్ నదిలో విదేశీ కార్ప్ చేపలు విస్తరించాక స్థానిక గిజార్డ్ షాడ్, బిగ్‌మౌత్ బఫెలో చేపలు చిక్కిపోయాయని తేలింది. కార్ప్ రాకముందు తీసిన కొలతలు లేకుంటే ఈ పోలికకే ఆధారం ఉండేది కాదు.

పదిహేడవ అధ్యాయంలోని హాస్యాన్ని విజ్ఞానంపై వెక్కిరింతగా చదవడం కూడా తొందరపాటే. దిగువ మిసిసిపీ 176 ఏళ్లలో 242 మైళ్లు కుదించుకుపోయిందని చెప్పి, ఆ లెక్కనే పొడిగించి నదిని రెండు మైళ్లలోపుకు తెస్తాడు ట్వేన్. అతడు నవ్వేది కొలతను చూసి కాదు, మళ్లీ కొలవకుండా లెక్కను సాగదీసే తొందరను చూసి.

అయితే ఆ పెట్టెల తాళం సంఘసభ్యులకే దక్కేది. బయటి పైలట్లు ఓడలను ముంచుకున్నారు. నేటి పర్యవేక్షణ సమాచారం ఎవరైనా చూడవచ్చు. నదీవర్ణనలపై పరిశోధించే మనం మాత్రం ఇప్పటికీ తొమ్మిదవ అధ్యాయం దగ్గరే పుస్తకం మూసేస్తున్నాం.