రిహార్సల్‌కు చోటేది?

రవీంద్రభారతిలో మంచి నాటకం ఉందంటే హైదరాబాద్‌లో ఇప్పటికీ జనం వస్తారు. ఠాగూర్ శతజయంతి ఏడాది, 1961లో తెరుచుకున్న హాలు అది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రమైనా టికెట్ లేకుండా కూర్చుని పాటో, నాటికో చూసి రావచ్చు. రవీంద్రభారతి ఆవరణలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో భాషా సాంస్కృతిక శాఖ ‘సినివారం’ పేరిట శనివారాలు కొత్తవాళ్ల లఘుచిత్రాలు వేసి, దర్శకులను ప్రేక్షకుల ముందు నిలబెట్టి మాట్లాడించింది. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బళ్లు ఆపి రోడ్డును జనానికి వదిలారు. తర్వాత చార్మినార్ దగ్గరా అలాగే చేశారు. ఇవన్నీ నగరానికి మేలు చేసిన పనులే.

కానీ నాటకం స్టేజి ఎక్కేముందు ఎక్కడ తయారవుతుందన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఉద్యోగాలు చేసుకుంటూ నాటకాలు ఆడే సమాజంలో నేనూ ఒకణ్ని. నాటక పోటీలు జరిగే పరిషత్తులో గంటసేపు ఆడే నాటిక వెనక వారాల తరబడి సాధన ఉంటుంది. ఆఫీసులు వదిలాక ఒకరు మియాపూర్ నుంచి, ఇంకొకరు ఉప్పల్ నుంచి రావాలి. ఎవరింటి మేడ మీదో, ఏ బడి వరండాలోనో మొదలుపెడతాం. సుద్దముక్కతో నేల మీద స్టేజి కొలత గీస్తాం. రెండు కుర్చీలు కలిపితే సోఫా, బోర్లించిన బకెట్ తులసికోట. వాటితో ఇబ్బందేమీ లేదు. ఇబ్బందల్లా గొంతుతోనే. మేడ మీద గట్టిగా అంటే పక్కింట్లో చదువుకునే పిల్లలుంటారు. తగ్గించి చెప్పడం అలవాటైపోతుంది. తీరా హాల్లో నిలబడ్డాక ఆఖరి వరసకు మాట చేరదు. మైకు చప్పుడును పెంచుతుందే గానీ, మాటకూ మాటకూ మధ్య ఎంత ఆగాలో నేర్పదు. అది నటుడు పెద్ద గదిలో తన గొంతు తాను వింటూ పట్టుకోవాల్సిందే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చోటు లేకపోతే ముందు మానేసేది ఆడవాళ్లు. రాత్రి తొమ్మిదింటిదాకా ఎవరింటి మేడ మీదో ఉండాలంటే ఇంట్లో ఒప్పుకోరు. అందరికీ తెలిసిన హాలైతే, వాచ్‌మన్ ఉంటే, ఒప్పుకుంటారు. అద్భుతంగా పలికే అమ్మాయిలు ఇలా దూరమైపోవడం కళ్లారా చూశాను.

సురభి వాళ్లకు ఈ కష్టం లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటక కుటుంబాలకు ఇల్లే రిహార్సల్ గది. పసిపిల్లలు పెద్దల పద్యాలు వింటూనే పెరుగుతారు, నడక బాగా రాకముందే బాలకృష్ణుడి వేషం కడతారు. 1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి పౌరాణికాలకు అలవాటుపడిన ఆ నటుల చేత ‘బస్తీ దేవత యాదమ్మ’ లాంటి ఆధునిక నాటకం ఆడించగలిగారంటే, వాళ్లందరూ ఒక్కచోట, రోజూ దొరికే మనుషులు కావడం అందులో పెద్ద కారణమని నా నమ్మకం. మాలాంటి సమాజాలకు ఆ కలిసి బతకడం లేదు. కనీసం కలుసుకునే గది ఉండాలి.

ఆ గదులు కొత్తగా కట్టక్కర్లేదు. ఎన్నో బస్తీల్లో కమ్యూనిటీ హాళ్లున్నాయి. పెళ్లిళ్లు, మీటింగులు లేని రోజున చాలావాటికి తాళమే. నగరపాలక సంస్థ వాటిని వారానికి మూడు సాయంత్రాలు, ఏడు నుంచి తొమ్మిదిన్నరదాకా, నామమాత్రపు అద్దెకు నాటక, సంగీత సమాజాలకు ఇవ్వాలి. బదులుగా ఆ సమాజం తన మొదటి ప్రదర్శన ఆ బస్తీలోనే ఉచితంగా ఆడాలని షరతు పెట్టవచ్చు. మేం సంతోషంగా ఒప్పుకుంటాం. మీ కాలనీలో అలాంటి హాలుంటే దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మీ కార్పొరేటర్ కనిపించినప్పుడు ఈ సంగతి కదిలించండి.