కత్తిపీటా, కారు తాళాలూ

వలస వెళ్లిన ఆడవాళ్ల కథ అనగానే 'రెండు సంస్కృతుల మధ్య నలిగిపోవడం' అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఆ మాటతో ఏ కథా నడవదు. ప్రవాస భారతీయ రచయిత్రుల్లో చెయ్యి తిరిగినవాళ్లు ఆ నలుగుడును ఇంట్లో ఏదో ఒక వస్తువుకి అప్పగిస్తారు.

ఝంపా లాహిరి 'మిసెస్ సేన్స్' చూడండి. 1999లో వెలువడి మరుసటి ఏడాది పులిట్జర్ అందుకున్న 'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్' సంపుటిలోని కథ. అమెరికాలో ఒక లెక్కల ప్రొఫెసరు భార్య, ఇండియా నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందేసుకుని, నేల మీద పేపర్లు పరిచి కూరలు తరుగుతుంటుంది. కలకత్తాలో పెళ్లంటే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎవరి కత్తిపీటతో వాళ్లు డాబా మీద చేరి, కబుర్లాడుతూ రాత్రంతా తరిగేవాళ్లట. ఇక్కడ ఆ మాట వినడానికి ఆమెకున్నది పదకొండేళ్ల ఎలియట్. బడి అయ్యాక ఆమె దగ్గర ఉండే పిల్లాడు. లాహిరి కథంతా వాడి కళ్లతోనే నడుపుతుంది. మొగుడూ పెళ్లాల సంగతులు వాడికి అంతుపట్టవు గనక చూసింది చూసినట్టే మనకు చేరుతుంది. నేను గట్టిగా అరిస్తే ఎవరైనా వస్తారా అని ఆమె అడిగితే, గోలగా ఉందని ఫిర్యాదు చేస్తారేమో అంటాడు. పెద్దవాళ్లెవరూ అంత నిజం చెప్పరు.

ఇక కారు. తాజా చేప కావాలంటే సముద్రం ఒడ్డుకు వెళ్లాలి, వెళ్లాలంటే కారు నడపాలి, నడపాలంటే ఆమెకు భయం. భర్త దుర్మార్గుడేం కాదు, తీరిక లేనివాడు. అందుకే ఎవర్నీ తిట్టుకోలేం. కథ బిగువంతా అక్కడే ఉంది.

చిత్రా బెనర్జీ దివాకరుణి 'క్లోత్స్' కథలో ఆ నలుగుడును మోసే పని బట్టలు చేస్తాయి. అత్తమామల కంటబడకుండా పడగ్గదిలో తలుపేసుకుని జీన్స్ తొడుక్కున్న కోడలికి, భర్త హత్యకు గురయ్యాక తెల్లచీర వస్తుంది. దాంతో ఇండియాకు తిరిగి వెళ్లకూడదని నిశ్చయించుకుంటుంది. 1991లో కాలిఫోర్నియాలో దక్షిణాసియా స్త్రీల కోసం 'మైత్రి' అనే సహాయ సంస్థను స్థాపించినవారిలో దివాకరుణి ఒకరు. ఇలాంటి గదులు ఆమెకు కొత్త కావు. అయితే ఇదే రచయిత్రి 'ద మిస్ట్రెస్ ఆఫ్ స్పైసెస్'లో సుగంధ ద్రవ్యాలు కథను మోయడం మానేసి, విదేశీ పాఠకుడి కోసం పెట్టిన అలంకరణగా మిగిలాయని నా ఫిర్యాదు.

భారతీ ముఖర్జీ పద్ధతి వేరు. 'జాస్మిన్' (1989) నాయికకు ఊరు మారినప్పుడల్లా పేరూ మారుతుంది: జ్యోతి, జాస్మిన్, జేస్, జేన్. సాహసమే. కానీ జ్యోతి తర్వాతి ఆ మూడు పేర్లూ ఎవరో ఒక మగవాడు పెట్టినవే. ఈ సంగతి నవల ఎంతవరకు గమనించిందో నాకిప్పటికీ తేలలేదు.

ఇవాళ న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగు కోడలికి కారు పెద్ద సమస్య కాదు. చిక్కు వీసాలో ఉంది. ఉద్యోగి వెంట వెళ్లే భాగస్వామికిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లినవాళ్లకు ఉద్యోగం చేసే వీలుండేది కాదు. 2015 నుంచి కొందరికే, అదీ హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న భాగస్వామి గ్రీన్‌కార్డు ప్రయత్నం కొంతదూరం సాగాకే, అనుమతి దొరుకుతోంది. సూట్‌కేసు అడుగున పడున్న ఇంజనీరింగ్ సర్టిఫికెట్ల ఫైలు, కత్తిపీటకేమీ తీసిపోదు.