ప్రకటనలో ప్రజల పలుకుబడి

వ్యాపార ప్రకటనను విమర్శకు వస్తువుగా గ్రహించడం కొందరికి రుచింపకపోవచ్చును. అయినను నేటి గృహస్థుడు ఒక దినమున చదివే పద్యాలకంటె వినే ప్రకటనలే ఎక్కువ. మాటతీరును దిద్దే శక్తీ, చెరిపే శక్తీ వానికి కలవు. కనుక ప్రకటన వ్రాసేవాని భాషను పరీక్షించడం అనుచితం కానేరదు. అట్టి పరీక్షకు మిక్కిలి తగినవాడు పీయూష్ పాండే.

ఆయన 1955లో రాజస్థాన్‌లోని జైపూరులో జన్మించినారు. తొమ్మండుగురు సంతానమున్న ఇల్లు అది. గాయని ఇలా అరుణ్ ఆయన సోదరి, ప్రకటనచిత్రాల దర్శకుడు ప్రసూన్ పాండే సోదరుడు. యౌవనంలో రాజస్థాన్ జట్టు పక్షాన రంజీ ట్రోఫీ ఆడినారు. తేయాకు రుచి చూచే ఉద్యోగమూ చేసినారు. 1982లో బొంబాయిలోని ఒగిల్వీ సంస్థలో చేరినప్పుడు ఆయనకు అప్పగించినది రచన కాదు, సరుకు యజమానులతో సంప్రదించే పని. పిదప రచనాశాఖకు మారి, దానికి నాయకుడై, 2019లో ఆ సంస్థ ప్రపంచశాఖలన్నిటి సృజనకార్యానికి అధిపతి అయినారు. 2016లో పద్మశ్రీ పొందినారు. 2025 అక్టోబరులో దివంగతులైనారు.

క్రియేటివ్ డైరెక్టరు అనే ఉద్యోగి స్వయంగా వ్రాసేది కొద్ది. పదిమంది తెచ్చిన ఊహలలో ఏది నిలువవలెనో, ఏది చెత్తబుట్టకు పోవలెనో తేల్చడం, తేల్చినదానిని సరుకు యజమానిచేత ఒప్పించడం, అది విఫలమైతే నింద తాను మోయడం ఆయన పనులు. ఈ పనికి కలముకంటె చెవి ముఖ్యం. పాండే విశిష్టత ఆ చెవిలోనే ఉన్నది. అంతకుముందు దేశభాషలలో మంచి ప్రకటనలు లేకపోలేదు. కాని బొంబాయి ప్రకటనశాలలలో ఊహ పుట్టేది చాలవరకు ఇంగ్లీషులో, హిందీ దానికి నీడ. పాండే ఊహనే వీధి హిందీలో పుట్టించినారు.

1994లో వచ్చిన క్యాడ్బరీ ప్రకటన చూడుడు. ఆటగాడు సిక్సరు కొట్టగానే ఒక యువతి కావలివానిని తప్పించుకొని మైదానంలోనికి నాట్యమాడుచు పరుగెత్తుతుంది. పిల్లల తినుబండారమని తలచిన చాక్లెట్టు పెద్దలకూ సంబరమైనది. ఫెవికాల్ బస్సు ప్రకటనలో మాటే లేదు. పైకప్పుమీదా, పక్కలనూ జనం క్రిక్కిరిసిన బండి గతుకులదారిలో ఊగిపోవుచుండగా ఒక్కరూ జారిపడరు. చివర బండి వెనుక జిగురు పేరు కనబడుతుంది. మన రోడ్లు, మన బస్సులు ఎరిగినవారికి వేరు వ్యాఖ్యానం అక్కరలేదు.

గుణమెంచినప్పుడు దోషమూ ఎంచవలెను. జనుల పలుకుబడిని పట్టగల నేర్పుకు తనదైన ధర్మాధర్మవివేకం లేదు. పోలియో చుక్కల ప్రచారానికి ఉపకరించిన ఆ నేర్పే జిగురునూ అమ్మినది, 2014 ఎన్నికలలో భారతీయ జనతా పక్షపు ప్రచారాన్నీ నడిపినది. ఆయా పనుల మంచిచెడ్డలను ఎవరి మతమునుబట్టి వారు నిర్ణయింతురుగాక. మాట ఇంపుగా ఉన్నంతమాత్రాన విషయం నిజమని నమ్మరాదని మాత్రం శ్రోత ఎరుగవలెను.

రెండవ దోషం పాండేది కాదు, ఆయనను అనుకరించినవారిది. వారు ఆయన హిందీని గ్రహించి, ఆయన పద్ధతిని విడిచినారు. తత్ఫలితంగా మునుపు ఇంగ్లీషుకు నీడయైన తెలుగు ప్రకటన ఇప్పుడు హిందీకి నీడయైనది. పెదవుల కదలికకు సరిపడునట్లు మాటలు అతికించగా కర్త ఒకచోట, క్రియ ఒకచోట పడి, ఏ ఊరివాడూ పలుకని తెలుగొకటి తయారగుచున్నది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీయో కన్నడమో అరవమో ఒడియాయో, బడిలో ఇంగ్లీషు అయిన మన పిల్లలకు ఈ నష్టం అధికం. ఇంటివెలుపల వారికి వినబడే కొద్దిపాటి తెలుగులో ఇదొక భాగం కదా!

ఇది తప్పనిసరి కాదనుటకు ఆ పోలియో ప్రచారమే సాక్షి. హిందీలో ‘జీవితపు రెండు చుక్కలు’ అనే అర్థమిచ్చే మాట తెలుగులో ‘నిండు జీవితానికి రెండు చుక్కలు’ అయినది. హిందీలో లేని ‘నిండు’ అనే మాట ఇందులో చేరినది. ‘నిండు నూరేళ్ళు’ అని పెద్దలు దీవించే జాతికి ఆ ఒక్క మాట చాలును. ‘రెండు’తో దాని ప్రాస చెవికి ఇంపు, జ్ఞాపకానికి ఊత. తల్లులు దానిని ప్రభుత్వపు ఆజ్ఞగా గాక ఇంటి పెద్దల మాటగా వినగలిగినారు. భారతదేశం పోలియోరహితమని 2014 మార్చిలో ధ్రువీకరింపబడినది. ఆ విజయం వైద్యులది, ఇంటింటికీ తిరిగిన కార్యకర్తలది. అయినను వారు గడప ఎక్కినప్పుడు తోడు నిలిచిన మాట అది.

ఆ తెలుగు మాట అనువాదం కాదు, రచన. తెలుగు ప్రకటనను అనువాదపు కూలిగా లెక్కించినంతకాలం అట్టి రచన అరుదుగానే లభించును. జైపూరు ఇంటిలో విన్న పలుకును బొంబాయి కార్యాలయానికి నిస్సంకోచంగా తీసుకొనిపోయినవాడు పాండే. మన ఇండ్లలో విన్న తెలుగును అంతే నిస్సంకోచంగా అక్కడికి తీసుకొనిపోగల యువకులు, యువతులు ప్రవాసాంధ్రులలో లేకపోరు. రెండు మూడు భాషల నడుమ పెరిగిన వారికి, ఏ మాట తనదో ఏది అతుకో ఇతరులకంటె ముందుగా తెలియును.