సుబాబుల్ మేసిన మేక: ఒక పరిశోధనపై విమర్శ

పెద్దదోర్నాల దాటి శ్రీశైలము బాట పట్టినవారికి, నల్లమల మొదలగు చోట, మేకలమందలు కనబడుట క్రొత్త గాదు. మేక ఒకచోట నిలువదు. ఇచట ఒక రెమ్మ, అచట ఒక ఆకు కొరికి ముందుకు సాగును. దీనిని మనము చాపల్య మనుకొందుము. అందులో మేలెంత గలదో తెలియవలె నన్నచో, సుబాబుల్ మేతను గూర్చి 40 ఏండ్లకు పైగా సాగుచున్న ఒక శాస్త్రచర్చను పరిశీలింపవలెను. ఆ చర్చలో ముఖ్యుడు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రేమండ్ జోన్స్.

కాగితపు మిల్లుల కొరకు మన కోస్తా జిల్లాలలో విరివిగా పెంచిన సుబాబుల్ మంచి మేత కూడ. ఎండిన ఆకులో నూటికి 20 నుండి 25 పాళ్లు మాంసకృత్తు లుండును. వరిగడ్డిలో 4 పాళ్లే. కాని ఆ ఆకులో మైమోసిన్ అను విషపదార్థ మున్నది. నెమరువేయు పశువు మొదటి పొట్టలో అది మారి డి.హెచ్.పి. అను మరియొక పదార్థ మగును. ఇది థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డు తగులును. గ్రంథి ఉబ్బును, పశువు చిక్కిపోవును.

ఆస్ట్రేలియాలో ఈ జబ్బు కనబడినది. హవాయి దీవులలో అదే ఆకు మేసిన పశువులకు కనబడలేదు. ఎందుచేత? భేదము చెట్టులో లేదు, పశువు పొట్టలోని సూక్ష్మజీవులలో ఉన్నదేమో యని జోన్స్ 1981లో సూచించెను. ఊహతో ఆగక, ఇండొనీసియా మేక పొట్టలోని ద్రవమును ఆస్ట్రేలియా మేకల పొట్టలోనికి ఎక్కించి చూచిరి. ఆ మేకలు డి.హెచ్.పి.ని విచ్ఛిన్నము చేయ నేర్చినవి. ఈ ఫలితము 1984లో వెలువడినది. తరువాత హవాయి మేకల సూక్ష్మజీవులతోను ఇట్లే జరిగినది. ఆ పని చేయు బాక్టీరియమునకు 1992లో జోన్స్ పేరిట ‘సినర్జిస్టిస్ జోన్సియై’ అని నామకరణము చేసిరి. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము దానిని పెంచి రైతులకు అందించినది.

ఈ కృషిలో మెచ్చదగినది ప్రశ్న. అందరును “జబ్బు ఎందుకు వచ్చినది?” అని అడుగుదురు. జోన్స్ “అక్కడ ఎందుకు రాలేదు?” అని అడిగెను. పిమ్మట తన ఊహ తప్పైనచో తప్పని తేలిపోవునట్టి ప్రయోగము చేసెను. విద్యార్థులు నేర్వదగిన పద్ధతి ఇది.

అయినను ఇందొక లోపము గలదు. ఒక జబ్బు, ఒక విషము, ఒక బాక్టీరియము అను కథ వినుటకు ఇంపుగా నుండుటచేత, మరియొక మార్గ ముండవచ్చునను ఆలోచన చాలకాలము వెనుకబడినది. మూత్రములో డి.హెచ్.పి. కనబడుటయే అపాయమునకు గుర్తుగా ఎంచబడినది. తరువాత క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన షెల్టన్, హాలిడే మొదలగువారు ఇండొనీసియాలో సుబాబుల్ మెండుగా మేయు పశువులను పరీక్షించిరి. వాటి మూత్రములో డి.హెచ్.పి. చాల ఉన్నది, పశువులు మాత్రము ఆరోగ్యముగా నున్నవి! ఆ డి.హెచ్.పి.లో అధికభాగము వేరొక పదార్థముతో జతపడి యుండెను. ఈ జత కూర్చునది కాలేయమనియు, అట్లు జతపడినది హాని చేయదనియు వారు వాదించిరి. ఆ బాక్టీరియమును ఎక్కించుట అవసరమా యని 2019లో వారిలో కొందరు సూటిగనే ప్రశ్నించిరి.

దీనితో జోన్స్ ప్రయోగములు అబద్ధము గాలేదు. పొట్టలోని సూక్ష్మజీవులు విషమును విరుచుట నిజమే. పశువును కాపాడునది అదొక్కటే యనుట మాత్రము నిలువలేదు. ఏమి కొలిచితిమో, దాని అర్థ మేమో రెండును వేరు.

మన మేకలకాపరికి ఇందువలన లాభమేమి? మేతలో సుబాబుల్ మూడవవంతు మించకుండ, తక్కినది చొప్పయో, గడ్డియో, ఇతర ఆకులో కలిపి పెట్టుమన్న పాత సలహాయే నేటికిని క్షేమము. నెమరువేయని గుర్రము, పంది, కోడి విషయమున మరింత జాగ్రత్త కావలెను. పది చెట్ల ఆకు రుచిచూచు నల్లమల మేక ఏ శాస్త్రమును చదువకయే ఈ సూత్రమును పాటించుచున్నది.

ఉపాధ్యాయులు తరగతిలో ఆ బాక్టీరియము పేరు వల్లెవేయింప నక్కరలేదు. రెండు ఊళ్ల పశువులకు ఒకే మేత పెట్టగా ఒకచోట జబ్బు వచ్చి వేరొకచోట రానిచో, ఏమేమి పోల్చి చూడవలెనో పిల్లలను అడిగిన చాలును.